మతం గడిలో ఏం రాయాలి?

శ్రీముఖలింగం గుడికి దూరంగా, వంశధార గట్టున మా పేట. శివరాత్రి వెళ్లాక చక్రతీర్థానికి ఊరంతా ఏట్లోకి దిగుతుంది. మేం ఆదివారం రేకుల షెడ్డులో ప్రార్థనకి కూర్చుంటాం.

ఇంటర్ అయ్యాక కులం సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసుకెళ్లాను. గుమస్తా నా పేరు చూసి, "చర్చికెళ్తావా?" అన్నాడు. "వెళ్తానండి" అన్నాను. ఎస్సీ కొట్టేసి బీసీ-సి రాశాడు. ఒక్క శాతం కోటా.

ఆయన రాసింది చట్టప్రకారమే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు, మూడో పేరా. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు ఆ తలుపు తీశారు. మాకు ఇంకా మూసే ఉంది. బాప్తిస్మంతో ఎస్సీ హోదా పోయింది, టీ కొట్టులో వేరే గ్లాసు పోలేదు.

పక్కింటి అన్న కాగితంలో హిందువు, ఆదివారం నా పక్కనే పాడతాడు. కోపంలో, అతని సంగతి చెప్పేస్తానన్నాను. అమ్మ కసిరింది: "ఆడి పిల్లల కూడు తీసీసి నువ్వు తింటావేటిరా? నీ నిజం నువ్వు సెప్పు. ఆడిది ఆడికి ఒగ్గీ."

పౌలు జైల్లోంచి తిమోతికి రాసిన ధైర్యం, ప్రేమ, నిగ్రహం నాకప్పుడు అర్థమయ్యాయి. గుమస్తా ముందు నిజం చెప్పడానికి ధైర్యం సరిపోయింది. అన్న మీద వేలెత్తకుండా ఉండటానికి ప్రేమ కావాలి. నా కోపాన్ని మనుషుల మీద పోనీకుండా ఆ పేరా మీదే నిలపడానికి నిగ్రహం కావాలి. అది ఇంకా నేర్చుకుంటున్నాను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎవరు అసలు క్రైస్తవులో మనలో మనం తేల్చుకోవడం ఆపుదాం. మూడో పేరా చదవండి. కొట్లాట దానితోనే. జై భీమ్.