పడుకోబోయే ముందు

విద్యుత్ దహనవాటిక ఇనుప తలుపు మెల్లగా పైకి లేస్తుంటే నా వెనక నిలబడ్డవాళ్ళు గొంతు కలిపి ఏదో పాడటం మొదలుపెట్టారు. ఉలిక్కిపడ్డాను. అది నాకు తెలిసిన పాటే. కుందలహళ్ళిలో మా పక్క ఫ్లాటులోంచి నాలుగేళ్ళుగా రోజూ రాత్రి పదింటికి గోడ దాటి వచ్చేది. పెద్దాయన పడుకోబోతూ ఏదో స్తోత్రం చదువుకుంటున్నారు అనుకునేవాణ్ణి. అర్థం అడగాలని ఒక్కసారీ తోచలేదు. ఇప్పుడు ఆయన్ని సాగనంపుతూ అదే పాడుతున్నారు.

ఆయన పుట్టి పెరిగింది హైదరాబాదు అత్తాపూరు దగ్గరి సిఖ్ ఛావనీలో. 1832లో మహారాజా రంజిత్ సింగ్ నిజాం కొలువుకు పంపిన పటాలం వారసులు అక్కడివాళ్ళు, దఖనీ సిక్కులు. తలపాగా చూసి హిందీలో పలకరించిన నాకు తెలంగాణ యాసలో జవాబిచ్చి నవ్వారు. కొడుకు ఉద్యోగం వల్ల బెంగళూరు వచ్చారు. సాయంత్రాలు కుందలహళ్ళి చెరువు గట్టు మీద కలిసి నడిచేవాళ్ళం.

ఒకరోజు నా గుండె పరీక్షల గురించి చెప్పుకుని భయపడ్డాను. "రాత్రి ఐదు నిమిషాలు దేవుని దగ్గర కూసో బేటా" అన్నారు. రిటైరయ్యాక చూద్దాం లెండి అన్నాను. "రిటైర్‌మెంటు తారీఖు నీ కంపెనీ చెప్తది. ఇంకో తారీఖు ఉంది కద, అది ఎవరు చెప్తరు?" అన్నారు. ఇంతలో ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. చెయ్యి ఊపి పక్కకు జరిగాను. ఆ ప్రశ్న మళ్ళీ ఆయనా అడగలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ పాట పేరు కీర్తన్ సోహిలా అని వాళ్ళబ్బాయి దహనవాటిక నుంచి తిరిగొస్తూ చెప్పాడు. ఐదు శబదాలు, అంటే కీర్తనలు. గురు నానక్‌వి మూడు, గురు రామ్‌దాస్‌ది ఒకటి, గురు అర్జన్‌ది ఒకటి. మన గుళ్ళలో పవళింపు సేవ ఉన్నట్టే, గురుద్వారాలో రాత్రి తమ పవిత్ర గ్రంథం గురుగ్రంథ సాహిబ్‌ను శయనానికి చేర్చేటప్పుడు ఇది చదువుతారు. ఇంట్లో మనిషి పడుకునే ముందు చదువుకుంటాడు. చివరికి చితి దగ్గరా ఇదే. అందులో మొదటి శబదం లగ్నం కుదిరిన ఆడపిల్ల మాటలుగా సాగుతుందట. అంటే అప్పగింతల పాట. నాలుగేళ్ళు రోజూ రాత్రి ఆయన తన అప్పగింతలు తానే పాడుకుని పడుకున్నారన్నమాట. ఇవతల గోడకు చెవి ఆనేంత దగ్గరలో పడుకున్న నేను టీవీ సౌండు కాస్త పెంచుకున్నాను.

ఆ రాత్రే నేనూ కూర్చున్నాను, నాన్న వదిలి వెళ్ళిన విష్ణు సహస్రనామం పుస్తకం పట్టుకుని. వారం తిరక్కుండానే అనుమానం మొదలైంది. నేను చేస్తున్నది భక్తేనా? ఒక్కో నామం చదువుతూ లోపల్లోపల గడువు అడుగుతున్నాను, అమ్మాయి పెళ్ళి అయ్యేదాకా, ఇంటి అప్పు తీరేదాకా అని. బ్యాంకు మేనేజరు ముందు కూర్చున్నవాడికీ నాకూ తేడా ఏముంది? చావు భయం నన్ను దేవుడి ముందు కూర్చోబెట్టింది నిజమే కానీ, కూర్చున్నాక కూడా నేను చూస్తున్నది చావునే. మనలో చాలామందిమి ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతామేమో.

పోయిన ఆయన కోసం చేసే చివరి ప్రార్థనకు, అంతిమ్ అర్దాస్‌కు, మెట్రోలో హలసూరు వెళ్ళాను. చెరువు పక్కన తెల్లటి గురుద్వారా. 1430 పుటల గురుగ్రంథ పఠనం ఆ రోజు ముగింపుకు వచ్చింది. చివర్లో వచ్చేవి గురు తేగ్ బహదూర్ శ్లోకాలు, 57. 1675లో ఢిల్లీ చాందినీ చౌక్‌లో తన తల నరికే ముందు ఆయన చెరసాలలో రాసినవని సంప్రదాయం చెబుతుంది. మరణం గడపలో నిలబడ్డ మనిషి మొదటి శ్లోకాన్నే గోవింద నామంతో ఎత్తుకున్నారు. గడువు ఊసు లేదు. పోయే వాటిని పోయేవని చెప్పడం, నిలిచేదాన్ని తలుచుకొమ్మనడం, అంతే.

నిజానికి నన్ను కదిలించింది హాల్లో విన్నది కాదు. బయట చెప్పులు దాచే చోట, జోడా ఘర్‌లో, కిటికీ అవతల ఒక పెద్దాయన నా బూట్లు రెండు చేతులా అందుకుని, గుడ్డతో మట్టి తుడిచి, టోకెన్ ఇచ్చాడు. ఆదివారాలు మా పక్క ఫ్లాటు సర్దార్ జీ నిలబడింది అక్కడేనట. 'ఆదివారం ఎక్కడికి?' అంటే 'పని ఉంది' అనేవారు, అంతకుమించి చెప్పేవారు కాదు. చావును రోజూ తలుచుకునే మనిషి లోకం మీద విసుగెత్తి ఉంటాడని నా లెక్క. ఆయనేమో ఎవరివో తెలియని చెప్పుల మట్టి తుడుస్తూ గడిపారు. సంసారం విడిచి అడవికి పొమ్మని వాళ్ళ గురువులు చెప్పలేదు. కష్టపడి సంపాదించు, పంచుకు తిను, నామం తలుచుకో అన్నారు.

సర్దార్ జీ అస్థికలు నాందేడ్ తీసుకెళ్ళి గోదావరిలో కలిపారు. గురు గోవింద్ సింగ్ 1708లో తనువు చాలించిన తీరం అది. మా నాన్న అస్థికలు రాజమండ్రిలో కలిపింది ఆ నీళ్ళలోనే. ఈ మాట ఆయనతో చెరువు గట్టు మీద ఎప్పుడైనా అని ఉండాల్సింది.

ఇప్పుడు పదింటికి గోడ అవతల చప్పుడు లేదు. పుస్తకం తెరుస్తున్నాను. గడువు అడగడం పూర్తిగా మానానని చెప్పలేను. కొన్ని రాత్రులు మరిచిపోతాను, అంతే. నిన్న సగంలోనే నిద్ర పట్టేసింది. పుస్తకం గుండెల మీదే ఉండిపోయిందని పొద్దున్న మా ఆవిడ చెప్పింది.