ఏసం వేరు, దొంగనిద్ర వేరు

ఆదోనికి దగ్గర్లో సంతెకుడ్లూరు అని ఒక ఊరుంది. హోలీ వచ్చిందంటే అక్కడి మగవాళ్లు చీరలు కట్టుకుంటారు. తలలో పూలు, చేతులకు గాజులు, మెడలో నగలు. అలా ముస్తాబై, నైవేద్యం పట్టుకుని రతీమన్మథుల గుడికి పోయి పూజ చేస్తారు. పంట బాగా రావాలని, పెళ్లి కుదరాలని, ఉద్యోగం దొరకాలని మొక్కుకున్నవాళ్లు ఆ మొక్కు తీర్చుకునే తీరు అది. చదువుకున్నవాళ్లు కూడా చీర కడతారు. సరిహద్దు దాటి కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. ఏటా టీవీ వార్తల్లో దాన్నొక నిమిషం పాటు వింతగా చూపించి వదిలేస్తారు. ఇక్కడ డాలస్‌లో ఆ వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతాయి. కింద నవ్వుల బొమ్మలు వరసగా పడతాయి. నాకు నవ్వు రాదు. ఆ మనిషి ఎవరినీ మోసం చేయడం లేదు. మీసం అలాగే ఉంది, ఊరంతా అతన్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. చీర కట్టింది దేవుడి ముందు తన మాట నిలబెట్టుకోవడానికి.

దాన్ని మావాళ్లు 'ఏసం' అంటారు. పుస్తకాల్లో వేషమని రాసే మాటే. పీర్ల పండక్కి ఒంటికి పసుపు రంగు, నల్ల చారలు పూసుకుని డప్పులకు ఆడే పులిది కూడా ఏసమే. హిందువుల ఇళ్లలోనూ పీర్లకు మొక్కుకునేవాళ్లు మా వైపు కొత్త కాదు. ఆ పులి ఎవరో వీధి వీధికీ తెలుసు, అయినా దాని ముందు చంటిపిల్లల్ని ఎత్తిపట్టుకుని నిలబడతారు.

అదే మాట ఇంట్లోకొస్తే తిట్టు. బడికి పోయే వేళకు కడుపునొప్పి వచ్చే పిల్లోడికి "ఏసాలెయ్యొద్దు, లెయ్" అని పడుతుంది. పని ఎగ్గొట్టే కూలీకి, అప్పు తీర్చమంటే తల గోక్కునేవాడికి కూడా అదే. ఇంకాస్త కోపమొస్తే 'నకరాలు', 'నాటకాలు'. నకరాలు ఉర్దూ నుంచి వచ్చింది. ఆదోని బజార్లో తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే అంగట్లో ఒకే బేరంలో కలిసిపోతాయి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనే ఉండేది మరి. మా అవ్వ తిట్లలో ఏది ఏ భాషదో ఎవరమూ లెక్కపెట్టుకోలేదు.

అయితే మా భాష ఒక గీత గీసింది. నిజంగా మోసం ఉన్నచోట ముందర 'దొంగ' తగిలిస్తుంది. దొంగనిద్ర, దొంగ ఏడుపు, దొంగజరం. చీర కట్టుకున్న మగమనిషిని ఎవరూ దొంగ ఆడమనిషి అనరు. కళ్లు మూసుకుని పడుకున్న పిల్లోణ్ణి మాత్రం దొంగనిద్ర అంటారు. ఏసంలో చూసేవాడికీ భాగముంటుంది. దొంగనిద్రలో చూసేవాడి దగ్గర్నుంచి ఏదో ఒకటి కాజేస్తాం, ఇంకో గంట పడక అయినా సరే.

దొంగనిద్రను పట్టుకోవడం మా అవ్వకు బాగా వచ్చు. మంచం దగ్గర నిలబడి, మాతో కాదన్నట్టు, గోడకేసి చూస్తూ అనేది: "నిజంగా నిద్రబోయినోళ్లకైతే కాలి బొటనేలు కదుల్తుందంట." ఆమె మాట ముగిసే లోపలే దుప్పటి చివర బొటనవేలు కదిలేది. నిద్ర నిజమని నమ్మించాలనే తాపత్రయమే పట్టించేది. నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు, నిద్ర నటించేవాణ్ణి లేపలేం అని సామెత. మా అవ్వ ఆ సామెతను ఏనాడూ ఒప్పుకోలేదు.

ఆదోనికి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఎమ్మిగనూరు. అక్కడ ఈ గీత గుడ్డ మీద కనిపిస్తుంది. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరది. మగ్గం చప్పుడుతో తెల్లవారిన ఊరు. మరమగ్గం మీద గంటల్లో తయారైన గుడ్డ చేనేత పేరు చెప్పుకుని అంగట్లో కూర్చుంటే, దాన్ని కనిపెట్టే చూపు అక్కడి పెద్దలకుంది. గుడ్డ తీసుకుని ముందు అంచు తడుముతారు. చేమగ్గం మీద నేసేటప్పుడు గుడ్డ ముడుచుకోకుండా వెడల్పుగా పట్టి ఉంచడానికి రెండు కొసలా ముళ్లున్న కర్ర పెడతారు. ఆ ముళ్ల గుర్తులు అంచు వెంబడి సన్నటి చిల్లుల్లా మిగులుతాయి. తర్వాత గుడ్డ తిరగేసి వెలుతురుకు పట్టి చూస్తారు. చేత్తో నేసిన గుడ్డలో నేత అక్కడక్కడా కాస్త ఎక్కువతక్కువగా ఉంటుంది, అది మనిషి చేయి. ఇక్కడ మోసం చిన్నది కాదు. చేనేతకు కొన్ని రకాలను ప్రత్యేకించి చట్టం చేసింది 1985లో, చేనేత ముద్ర తెచ్చింది 2006లో. అయినా నకిలీ గుడ్డ అమ్ముడవుతూనే ఉంది. అది అమ్ముడైన ప్రతిసారీ ఒక గుంతమగ్గం ముందు కాళ్లు దించుకుని కూర్చున్న మనిషి కూలి పోతుంది. దాన్ని ఏసమని చిన్న మాటతో సరిపెట్టడం నాకు ఒప్పదు. అది దొంగగుడ్డ.

మా నాయన పోయిన తర్వాత అమ్మ ఆదోనిలో ఒక్కతే ఉంటోంది. నేను రోజూ ఫోన్ చేస్తాను. ఇక్కడ రాత్రి, అక్కడ పొద్దున. "ఎట్లుండావు మా?" అంటే "బాగుండానప్పా, నాకేమైతుంది" అంటుంది. తర్వాత ఆమె అడుగుతుంది, పని ఎట్లుంది అని. మా ఆఫీసులో పక్క బల్లలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్న రోజుల్లో కూడా నేను "బాగుంది మా" అన్నాను. ఆమె నమ్మలేదని నాకు తెలుసు. ఎందుకంటే ఆ వారమంతా "ఈడికి వచ్చేస్తే మాత్రం ఏమప్పా, మన ఇల్లుంది గదా" అని ఊరికే అన్నట్టు అంటూ ఉంది. ఇద్దరికీ తెలిసి ఆడే ఆ మాటలు ఏసమే. అందులో ఒకరినొకరు కాచుకోవడం ఉంది. బయటి దేశాల్లో ఉన్న మావాళ్లు చాలామంది ఇంటికి ఫోన్లో ఆడేది ఇదే, దాన్ని తప్పు పట్టను.

కానీ ఒంట్లో బాగాలేని సంగతి దాచిపెట్టడం వేరు. బీపీ మాత్రలు అయిపోయినాయని, మోకాలు వాచిందని చెప్పకుండా "బాగుండా" అంటే ఆ మాట నా దగ్గర్నుంచి ఏదో కాజేస్తుంది. నేను కొడుకుగా చేయగలిగిన కొంచెం పని కూడా నా చేతికి రాకుండా చేస్తుంది. బిడ్డకు భారం కాకూడదన్న ఆమె ప్రేమ నాకు అర్థమవుతుంది. అయినా ఈ ఒక్క చోట ఆ ప్రేమతో రాజీ పడను. పడకూడదనే ఇక్కడున్న నా తోటివాళ్లకూ చెప్తుంటాను. బాగున్నారా అని అడిగితే అమ్మానాన్నలకు అబద్ధం చెప్పే దారి మనమే ఇచ్చినట్టు. చేతికి అందే సంగతి ఏదైనా అడగండి అంటాను.

అందుకని నేనిప్పుడు తిండి అడుగుతున్నాను. పొద్దున ఏం తిన్యావు, ఎవరు తెచ్చిచ్చినారు, ఎంత తిన్యావు. ఉగ్గాని, బజ్జీ తెప్పించుకుని తిన్నానని గొంతెత్తి చెప్పిన రోజు నాకు నిశ్చింత. మొన్న అడిగితే కాసేపు ఆగి, "రాత్రి రొట్టె సగం మిగిల్యా, అదే నానబెట్టుకొని తిన్యాలే" అంది. అంగడి వీధి మలుపులోనే ఉంది, అంత దూరం కూడా నడవలేదన్నమాట. మోకాలేమైందని అడిగాను. ఆదివారం నుంచి కాలు కింద పెట్టలేకున్నానని అప్పుడు చెప్పింది. ఫోన్ పెట్టేసి మా చిన్నాయన కొడుక్కి చేశాను. మధ్యాహ్నానికల్లా ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాడు.