అవధి



నలువదవ యేట గణితగ్రంథమును తెఱచిన యిల్లాలిని చూచి లోకము నవ్వును. నన్ను చూచియు నవ్వినది. అయినను ఆ చదువు నాకిచ్చిన దేమో మీతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది జహీరాబాదు. బీదరునకు చేరువగా, తెలంగాణమునకు పడమటి యంచున నున్న పట్టణము. చుట్టును ఎఱ్ఱనేలలు, చెఱకు, అల్లము, జొన్న మా పంటలు. ఇంటరు ముగియగనే వివాహమై యిచటికి కాపురమునకు వచ్చితిని. ఇరువది రెండేండ్ల తరువాత, మా అమ్మాయి కళాశాలకు పోవుచుండగా, నా మనసును చదువువైపు మరలినది. నిత్యము కళాశాలకు పోజాలనివారికి చదువు నందించుటకై 1982లో వెలసి, నేడు డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ గారి పేర నున్న సార్వత్రిక విశ్వవిద్యాలయమున చేరితిని. పాఠములు తెలుగులోనే యుండెను. వానిలో నన్ను మిక్కిలి యేడిపించినదియు, మిక్కిలి యాదరించినదియు వాస్తవ విశ్లేషణము.

చిన్ననాట బడిలో "రెండునకు వర్గమూలము 1.414" అని చెప్పిరి. "ఎందుకండీ?" అని యడిగితిని. "అంతే, వ్రాసికొనుము" అనిరి. ఇంటను ఆడపిల్ల ప్రశ్నకు దొరకు జవాబు అదియే గదా!

విశ్లేషణమున "అంతే" యను మాట చెల్లదు. మన శుల్బసూత్రకారులు వేలయేండ్ల క్రిందటనే రెండు వర్గమూలమునకు 577/408 అను విలువకు సరిపోవు లెక్కను చెప్పిరి. 577ను దానిచేతనే గుణించిన 332929 వచ్చును. 408ను అట్లే గుణించి రెట్టింపు చేసిన 332928. ఒక్కటే తేడా! కూరలో ఉప్పు ఇంతమాత్రము ఎక్కువైన నెవరును గుర్తింపరు. కాని యీ ఒక్కటి యెన్నటికిని తీఱనిది. అట్టి భిన్నమేదో కలదనుకొని దానిని కనిష్ఠ రూపమునకు తగ్గింపుడు. లవము, హారము రెండును సరిసంఖ్యలే కావలసివచ్చును. అప్పు డింకను తగ్గింపవచ్చును గదా! ఇది పొసగదు, కావున అట్టి భిన్నమే లేదు. ఈ ఋజువు తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పదియేండ్ల నా ప్రశ్నకు జవాబు దొరికినది.

తరువాత "అవధి" వచ్చినది. నిర్వచనమును కంఠస్థము చేసి పరీక్షకు పోయి తప్పితిని. నా తప్పు చిన్నదే. మాటల వరుసను తారుమారు చేసితిని. "ప్రతి తాళమునకు ఒక చెవి కలదు" అనుట వేఱు, "ఒకే చెవి ప్రతి తాళమునకు పట్టును" అనుట వేఱు. ఇల్లాండ్రకు ఈ భేద మెవరు చెప్పవలెను!

ఒకనాడు జొన్నరొట్టెను సగము చేసి, మిగిలిన సగమును మరల సగము చేయుచు కూర్చుంటిని. మిగులు వెయ్యవ వంతుకంటె తక్కువ కావలెనని మీరడిగినచో, పదవ కోతకు 1024వ వంతే మిగులునని చూపగలను. లక్షవ వంతుకంటె తక్కువ కోరుడు, పదునేడవ కోత చాలును. మొదట మీ కోరిక, పిమ్మట నా జవాబు: అవధి యనగా నింతియే. నేను పరీక్షలో వ్రాసినట్లయినచో, ఏదో యొక కోతతో రొట్టె పూర్తిగా ముగియవలసివచ్చును!

"ఇంకను ఈ చదువెందుకు బిడ్డా?" అని మా అత్తమ్మ అడుగుచుండెడివారు. ఆమె బడి యెఱుగరు. ఒక సాయంకాలము ఆమెనే యడిగితిని: "సగము, మూడవ వంతు, నాలుగవ వంతు, ఐదవ వంతు... ఇట్లు కూడుచు పోయిన నెక్కడనైన నాగునా అత్తమ్మా?" "తగ్గుచు పోవునది ఆగక యేమి చేయును?" అనిరి. శనగగింజలు పేర్చి చూపితిని. మూడవ, నాలుగవ వంతులు కలిసి సగమునకు మించును. తరువాతి నాలుగును సగమునకు మించును. తరువాతి యెనిమిదియు నంతే. ఆమె చాలసేపు చూచి, "అయితే ఎప్పుడును ఇంకొక సగము దొరకుచునే యుండును. ఇది ఆగదు బిడ్డా!" అనిరి. ఋజువు ఆమె నోటనే వచ్చినది! నాటినుండి, నేను చదువుకొనువేళ పొయ్యి చూచుచున్నవారు ఆమెయే.

ఈ నిర్వచనములకు రూపు దిద్దినవారిలో ముఖ్యుడు జర్మనుదేశపు వైయర్‌స్ట్రాస్. రష్యను యువతి సోఫియా కోవలెవ్‌స్కాయా 1870లో ఆయనయొద్ద చదువగోరి బెర్లినునకు పోగా, స్త్రీయగుటచే విశ్వవిద్యాలయమున చేర్చుకొనరైరి. ఆయన నాలుగేండ్లు ప్రత్యేకముగా చదువు చెప్పెను. 1874లో ఆమె గోటింగెన్ విశ్వవిద్యాలయపు డాక్టరు పట్టమును, 1889లో స్టాక్‌హోమున ఆచార్యపదవిని పొందెను.

నే నంతటిదానను కాను. రెండవమాఱు సామాన్యమైన మార్కులతో గట్టెక్కితిని. కాని సోదరీమణులారా, మీ పిల్ల "ఎందుకమ్మా?" అని యడిగినపుడు "అంతే" యనకుడు. తెలియనిచో ఇద్దరును కూర్చుండి రొట్టెనైన తుంచి చూడుడు. చిన్న చిన్న తునకలే యైనను, కొన్ని యెన్నటికిని ఆగక పెరుగును.