సంచిలో లెన్సు, గల్లీలో లెక్క

ఫిల్మ్ నుంచి డిజిటల్‌కు మారేటప్పుడు ఏ కెమెరా కొనాలి? ఢిల్లీ కూచా చౌదరి మార్కెట్లో ఈ ప్రశ్నకు జవాబు అద్దాల బీరువాలో కాకుండా కొనడానికొచ్చినవాడి పాత సంచిలో వెతుకుతారు

చాందినీ చౌక్ మెట్రో స్టేషన్ మెట్లెక్కి బయటికొస్తే ముందు తగిలేది జిలేబీ వాసన. ఆ వెనకే జనం. ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు దాకా సాగే ప్రధాన రహదారిని 2021లో పాదచారుల కోసం తీర్చిదిద్ది, పగటిపూట మోటారు వాహనాలను ఆపేశారు. నడక కాస్త సుఖమైంది. కానీ పక్క గల్లీలోకి తిరిగితే పాత ఢిల్లీ మళ్లీ పాత ఢిల్లీయే. నెత్తిన కరెంటు తీగల చిక్కుముడి, కాళ్ల కింద తడి, వీపున మూటతో దారి ఇమ్మని అరుస్తూ దూసుకొచ్చే హమాలీ.

ఇక్కడ ఒక్కో గల్లీకీ ఒక్కో సరుకు. దరీబా కలాన్ వెండికి, కినారీ బజార్ జరీ అంచులకు, నయీ సడక్ పుస్తకాలకు, భగీరథ్ ప్యాలెస్ కరెంటు సామానుకు పేరుపడ్డాయి. కూచా చౌదరి వాటా కెమెరాలు. బీరువా అంత వెడల్పున్న దుకాణాల్లో నేల నుంచి కప్పు దాకా కెమెరాలు, లెన్సులు, ట్రైపాడ్లు, ఫ్లాష్ గొడుగులు, పెళ్లి ఆల్బమ్ అట్టలు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ తెలిసినవారికి ఈ వాతావరణం కొత్తేమీ కాదు. పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యే ముందు ఉత్తరప్రదేశ్, హర్యానా పట్టణాల స్టూడియో యజమానులు ఇక్కడికి దిగుతారు. ఏడాది సంపాదన ఎంత ఉండబోతోందో చాలామందికి ఇక్కడి బేరంలోనే తేలిపోతుంది.

హాపూర్ నుంచి వచ్చే ఒక స్టూడియో యజమాని ఈ గల్లీకి పాత కాపు. ఆయన 2005లో వచ్చిన రోజును ఇక్కడి దుకాణదారు ఒకరు ఇప్పటికీ నవ్వుతూ గుర్తు చేస్తుంటారు. అప్పటికి పెళ్లివారు ఆల్బమ్‌తోపాటు సీడీ కూడా అడగడం మొదలుపెట్టారు. పక్కవీధి స్టూడియో వాడు డిజిటల్ కొన్నాడు. వచ్చిన బయానాలు చేజారిపోతున్నాయి. రెండు సీజన్ల పొదుపును లోపలి జేబులో పెట్టుకుని, తండ్రి నాటి సంచి భుజాన వేసుకుని ఆయన వచ్చారు. ధర అడిగితే దుకాణదారు చెప్పలేదు. ఎదురు ప్రశ్న వేశారు. ''భాయ్‌సాబ్, ముందు సంచిలో ఏముందో చూపించండి.''

సంచిలో ఉన్నవి కెనాన్ ఏఈ-1 కెమెరా, నాలుగు ఎఫ్‌డీ లెన్సులు. బంధువు ఒకాయన దుబాయ్ నుంచి తెచ్చినవి. దుకాణదారు తల అడ్డంగా ఊపారు.

పాత పేరు, కొత్త మూతి

కెమెరాకు లెన్సును బిగించే చోటును మౌంట్ అంటారు. ఫిల్మ్ నుంచి డిజిటల్‌కు మారేవారి లాభనష్టాలు చాలావరకు ఈ లోహపు వలయం మీదే ఆధారపడ్డాయి. కెనాన్ 1987లో తన పాత ఎఫ్‌డీ మౌంట్‌ను వదిలేసి, ఈఎఫ్ అనే కొత్తదానికి మారింది. కంపెనీ పేరు అదే అయినా పాత లెన్సు కొత్త కెమెరాకు పట్టదు. డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌లన్నీ ఈఎఫ్ దారిలోనే వచ్చాయి. 1987 తర్వాతి ఈఎఫ్ లెన్సులున్నవారు నిశ్చింతగా మారిపోయారు. అంతకుముందు కొన్నవారు మొదటినుంచీ మొదలుపెట్టాల్సి వచ్చింది. హాపూర్ ఆసామిది రెండో వర్గం.

నికాన్ కథ వేరు. 1959లో వచ్చిన ఎఫ్ మౌంట్‌నే అది డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌లలోనూ కొనసాగించింది. అయితే పట్టడం వేరు, పనిచేయడం వేరు. 2004 నాటి డీ70కి చేత్తో ఫోకస్ చేసే పాత లెన్సు పట్టేది గానీ వెలుతురు కొలిచే మీటర్ పనిచేసేది కాదు. 2005లో వచ్చిన డీ200లో పనిచేసేది. 2006 నాటి డీ40లో ఆటో ఫోకస్ మోటారే లేదు. దాంతో సొంత మోటారు లేని పాత ఆటో ఫోకస్ లెన్సులను దానిమీద చేత్తో తిప్పుకోవాల్సిందే. చౌకగా వస్తోందని డీ40 కొని, ఇంటికెళ్లాక లెన్సు ఫోకస్ కావడం లేదని తిరిగొచ్చినవారిని ఈ గల్లీ చూసింది. 1977కు ముందు నాటి, మార్పు చేయని లెన్సులను కొన్ని బాడీలకు బలవంతంగా బిగిస్తే కెమెరాకే దెబ్బ.

పెంటాక్స్‌కు 1975 నాటి కే మౌంట్ అలాగే ఉంది. మినోల్టా ఆటో ఫోకస్ లెన్సులున్నవారిని విచిత్రంగా సోనీ ఆదుకుంది. కోనికా మినోల్టా 2006 జనవరిలో కెమెరాల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది సోనీ తెచ్చిన ఆల్ఫా 100కు ఆ పాత లెన్సులే సరిపోయాయి. అదే జనవరిలో నికాన్ కూడా ఎఫ్6, ఎఫ్ఎం10 మినహా దాదాపు ఫిల్మ్ కెమెరాలన్నీ ఆపేస్తున్నట్టు చెప్పింది. ఆ కబురుతో గల్లీలో పాత కెమెరాల ధరలు నేలకు దిగాయి. ఫిల్మ్ తయారుచేసేవారి పరిస్థితీ అంతే. ఊటీలో 1960లో ఏర్పాటైన ప్రభుత్వ రంగ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అప్పటికే ఖాయిలా పడి ఉంది. ఈస్ట్‌మన్ కొడాక్ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది.

గోడకు వీపు ఆనుతుంది

హాపూర్ యజమాని ఆ రోజు కెనాన్ 350డీ కొన్నారు. దానితోపాటు 18-55 కిట్ లెన్సు ఇచ్చారు. ఫిల్మ్ మీద ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషికి 18 అనే అంకె వింతగా తోచింది. అంత వెడల్పాటి లెన్సు తనకెందుకన్నారు. కారణం సెన్సర్ సైజులో ఉంది.

ఫిల్మ్ ఫ్రేమ్ 36 మిల్లీమీటర్లు పొడవు, 24 మిల్లీమీటర్లు ఎత్తు. మామూలు డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌లలో సెన్సర్ అంతకన్నా చిన్నది. లెన్సు చూపే దృశ్యంలో నడిమి భాగాన్ని మాత్రమే అది తీసుకుంటుంది. కాబట్టి ఫిల్మ్ లెక్కలో ఆలోచించేవారు లెన్సు అంకెను నికాన్‌కైతే 1.5తో, కెనాన్‌కైతే 1.6తో గుణించుకోవాలి. 50 లెన్సు 75 లేదా 80లా, 28 లెన్సు 42 లేదా 45లా చూపుతుంది. పెళ్లింట్లో ఇరుకు గదిలో ఇరవై మంది గ్రూపు ఫొటో తీయాలంటే పాత 28 లెన్సుతో ఫొటోగ్రాఫర్ వీపు గోడకు ఆనుతుంది గానీ చివరి ఇద్దరు ఫ్రేములో పట్టరు. అదే భరత్‌పూర్‌లో పక్షుల ఫొటోలు తీసేవాడికి ఇది వరం. అతని 300 లెన్సు ఖర్చు లేకుండా 450 అవుతుంది. ఫిల్మ్ సైజు సెన్సర్‌తో 2005లో కెనాన్ 5డీ, 2007లో నికాన్ డీ3 వచ్చాయి. అవి చిన్న ఊళ్ల స్టూడియోలకు అందే ధరలో లేవు.

అందుకే డబ్బు ఎలా పంచాలన్న విషయంలో గల్లీ పెద్దల సలహా ఒకటే. బాడీ కొన్నరోజు నుంచే ధర కోల్పోతుంది. రెండు మూడేళ్లకు కొత్తది వచ్చి పాతదాన్ని మూలకు నెడుతుంది. మంచి లెన్సు మాత్రం రెండు మూడు బాడీల జీవితం చూస్తుంది. కాబట్టి బాడీలో ఒక మెట్టు దిగి, లెన్సులో ఒక మెట్టు ఎక్కాలి. అదీ కుదరకపోతే కిట్ లెన్సుకు తోడుగా 50 ఎఫ్1.8 ఒకటి కొనాలి. చౌకైన లెన్సుల్లో చీకటి మండపాన్ని గట్టెక్కించేది అదే.

సప్తపది రెండోసారి జరగదు

కెమెరా కొనడంతో మార్పు పూర్తికాలేదు. హాపూర్ యజమాని డిజిటల్‌తో తీసిన తొలి పెళ్లిలో పెళ్లికొడుకు లేత గోధుమరంగు షేర్వానీ ఫొటోల్లో తెల్లకాగితంలా వచ్చింది. బొత్తాలు లేవు, కుట్టుపని లేదు. తప్పు ఆయనదీ కాదు, కెమెరాదీ కాదు. అలవాటుది. నెగెటివ్ ఫిల్మ్‌కు వెలుతురు కాస్త ఎక్కువైనా ప్రింటు వేసేటప్పుడు సర్దుకోవచ్చు. అందుకే పాత ఫొటోగ్రాఫర్లు ఒక మెట్టు ఎక్కువే ఇచ్చేవారు. డిజిటల్ సెన్సర్ తీరు దీనికి తలకిందులు. తెలుపు ఒకసారి కాలిపోతే అక్కడ మళ్లీ ఏమీ రాదు. నీడలను మాత్రం కొంత పైకి తేవచ్చు. రా ఫార్మాట్‌లో తీసి ఉంటే కొంతైనా దక్కేది. కార్డులో చోటు సరిపోదని ఆయన జేపెగ్‌లో తీశారు. అగ్నిహోత్రం చుట్టూ తిరిగినవారిని ఫొటో కోసం మళ్లీ తిరగమనలేరు. ఆ పెళ్లివారు సగం డబ్బే ఇచ్చారు. ఆయనా అడగలేదు.

ఫ్లాష్ దగ్గర మరో ప్రమాదం. పాత ఫ్లాష్‌గన్‌లలో కొన్ని కెమెరా తాకే చోట వంద వోల్టులకు పైగా పంపుతాయి. లోహపు ఫిల్మ్ కెమెరా దాన్ని తట్టుకునేది. డిజిటల్ బాడీలోని సర్క్యూట్ కాలిపోవచ్చు. పాత ఫ్లాష్‌ను మీటరుతో కొలిచి చూసి గానీ బిగించకూడదని మరమ్మతు చేసేవారు చెబుతారు. ఇక ఢిల్లీ దుమ్ము. ఫిల్మ్ మీద పడ్డ దుమ్ము ఆ ఒక్క ఫ్రేముతో ముందుకెళ్లిపోయేది. సెన్సర్ మీద పడ్డది తుడిచేదాకా ప్రతి ఫొటోలోనూ అదే చోట మచ్చై కూర్చుంటుంది.

లాభాలూ తక్కువేం కాదు. 36 ఫ్రేముల లెక్క పోయింది. ఎండలో వంద, మండపంలో ఎనిమిది వందలు అంటూ ఐఎస్ఓను ఫ్రేము ఫ్రేముకూ మార్చుకోవచ్చు. తీసింది తెర వెనక అక్కడికక్కడే చూసుకోవచ్చు. రోలు, ల్యాబు ఖర్చు తగ్గింది. దాని స్థానంలో కంప్యూటర్, కార్డులు, హార్డ్ డిస్కుల ఖర్చు వచ్చి కూర్చుంది. మొదట్లో ఆ లెక్క ఎవరూ వేయలేదు. హాపూర్ స్టూడియోలో తండ్రి తీసిన పెళ్లిళ్ల నెగెటివ్‌లు బిస్కెట్ డబ్బాల్లో భద్రంగా ఉన్నాయి. కొడుకు తీసిన ఒక పెళ్లి హార్డ్ డిస్కుతోపాటే పోయింది. అప్పటినుంచి ప్రతి పెళ్లికీ రెండు కాపీలు. ఒకటి స్టూడియోలో, ఒకటి ఇంట్లో.

టార్చిలైటు పరీక్ష

ఇప్పుడు గల్లీ మరో మలుపులో ఉంది. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు ముందు వరసలోకి వచ్చాయి. ఒకప్పుడు ఫిల్మ్ కెమెరాలను వెనక్కి నెట్టిన డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌లు తామే సెకండ్ హ్యాండ్ బీరువాలోకి చేరాయి. తమాషా ఏమిటంటే వాటి పక్కనే ఫిల్మ్ కెమెరాలు మళ్లీ తలెత్తాయి. కాలేజీ పిల్లలు ఎఫ్ఎం2 ఉందా, కే1000 ఉందా అని అడుగుతున్నారు.

తాత లెన్సులు ఇంట్లో ఉండి, తక్కువ ఖర్చుతో డిజిటల్ నేర్చుకోవాలనుకునేవారికి సెకండ్ హ్యాండ్ డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ ఇప్పటికీ మంచి బేరమే. చూసి కొనడం తెలియాలి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో తెలుసుకోవాలి. నికాన్ డీ200 షట్టర్‌ను లక్ష సార్లకు, డీ700 షట్టర్‌ను లక్షన్నర సార్లకు పరీక్షించామని కంపెనీ చెప్పింది. పెళ్లిళ్ల సీజన్లు నాలుగు చూసిన కెమెరా ఆ అంకెను సులువుగా దాటేస్తుంది. లెన్సు వెనక నుంచి టార్చి వేసి చూస్తే సాలెగూడులాంటి ఫంగస్ కనిపిస్తుంది. వానాకాలం గాలిలో తోలు సంచిలో మగ్గిన లెన్సులకు ఇది మామూలు రోగం. లోపలి రేకుల మీద నూనె మెరుస్తోందా చూడాలి. ఎఫ్16లో ఆకాశాన్ని ఒక ఫొటో తీస్తే సెన్సర్ మీది మచ్చలన్నీ బయటపడతాయి. ఇలాంటి మార్కెట్లలో బిల్లుతో ఒక ధర, బిల్లు లేకుండా ఒక ధర వినిపించడం మామూలే. కొత్త సరుకు విషయంలో ఆ తేడా వారంటీ ఖరీదు.

హాపూర్ యజమాని కిందటి సీజన్‌కు ముందు మళ్లీ వచ్చారు. ఈసారి వెంట కూతురు. స్టూడియో ఇప్పుడు ఆమె చూసుకుంటోంది. మిర్రర్‌లెస్ బాడీ బేరం కుదిరాక దుకాణదారు అలవాటు ప్రకారం సంచిలో ఏముందని అడిగారు. ఆమె పాత గుడ్డలో చుట్టిన ఎఫ్‌డీ 50 లెన్సును బయటికి తీసింది. 2005లో మిగతా మూడింటినీ వచ్చిన ధరకు ఇచ్చేసిన తండ్రి, ఆ ఒక్కదాన్నీ తన తండ్రి గుర్తుగా ఉంచుకున్నారు.

అద్దం పోవడంతో లెన్సుకూ సెన్సర్‌కూ మధ్య దూరం తగ్గింది. ఆ ఖాళీలో ఒక లోహపు అడాప్టర్ పడుతుంది. 350డీకి పట్టని లెన్సు దీనికి పట్టింది. ఆటో ఫోకస్ లేదు, చేత్తో తిప్పుకోవాలి. ఆమె తిప్పి, గల్లీ చివర టీ కాచే మనిషి మీద నిలిపి, తెరను తండ్రి వైపు తిప్పింది. ఆయన కళ్లజోడు నుదుటిపైకి నెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత దుకాణదారు వైపు తిరిగి, అప్పుడిచ్చేసిన మూడు లెన్సులూ ఎక్కడైనా దొరుకుతాయేమో కనుక్కోమన్నారు.