అన్నమయ్య అరా, అవ్వ డిస్కూ

యంత్రాల గురించి వ్రాయడం నాకు అలవాటు లేదు. సాహిత్యమని చెప్పుకుంటూ ఏవో నాలుగు మాటలు వ్రాసుకునేవాడిని. అయినా మొన్న ఏప్రిల్‌లో జరిగిన సంగతి చెప్పుకోకపోతే మనసు కుదుటపడేలా లేదు. లినక్స్ వాడే మిత్రులకు ఇందులో కొంత పాత చింతకాయ పచ్చడిలా తోచవచ్చు. వాడనివారు నడుమ నాలుగు పేరాలు దాటివేసినా నేనేమీ అనుకోను.

మా అవ్వది పాకాల దగ్గర పల్లె. 2008 సంక్రాంతికి మొదలుపెట్టి మూడేళ్ళపాటు, వెళ్ళినప్పుడల్లా ఆమె చేత గొబ్బి పాటలూ, గంగమ్మ కథలూ, పొడుపు కథలూ చెప్పించి రికార్డు చేసుకున్నాను. అరచేతిలో ఇమిడే ఆ చిన్న యంత్రాన్ని చూసి, "ఏంది నాయనా, నా మాటల్ని దాంట్లో దాస్తా ఉండావా?" అని నవ్వేది. 2011లో ఆమె వెళ్ళిపోయింది. మొత్తం అరవై గంటలకు పైగా ఉంటుంది ఆ శబ్దం. చిత్తూరు సీమ మాట ఆ యాసలో, ఆ విరుపుతో పలికేవారు మా ఇంట్లో ఇప్పుడు లేరు. నేనూ పలకలేను. చదువు నా నాలుకను చదును చేసింది.

తిరుపతిలో మా ఇంటి అటకగదిలో ఒక పాత కంప్యూటరు ఉంది. దానిలో ఒక వర్చువల్ మెషీను, అంటే యంత్రంలోపల ఇంకొక ఊహాయంత్రం. దానికి రెండు డిస్కులు. మొదటిది లినక్స్‌కు, రెండవది అవ్వకు. ఊహాయంత్రానికి డిస్కు అంటే అసలు యంత్రంలోని ఒక పెద్ద ఫైలే. కానీ లోపలున్న లినక్స్‌కు ఆ సంగతి తెలియదు. అది నిజమైన డిస్కేనని నమ్మి వీడీఏ, వీడీబీ అని వరుసగా పేర్లు పెట్టుకుంటుంది.

కొత్త డిస్కును పని చేయించాలంటే మూడు మెట్లు ఎక్కాలి. మొదట విభజన పట్టిక వ్రాయాలి. తరువాత దానిమీద ఫైల్ సిస్టమ్ పరచాలి. ఆపైన దానిని ఏదో ఒక డైరెక్టరీకి తగిలించాలి. దీనినే మౌంటు చేయడమంటారు. విండోస్‌లోలాగా సీ, డీ అని వేరు వేరు ఇళ్ళు ఇక్కడ ఉండవు. ఉన్నది ఒకటే చెట్టు. డిస్కును ఏదో ఒక కొమ్మకు అంటు కట్టాలి. కట్టనంతవరకు ఆ డిస్కులో ఎంత సంపద ఉన్నా చూడవచ్చినవారికి కనిపించేది వట్టి కొమ్మే.

నేను ఈ మూడు పనులూ యంత్రం లేవగానే తమంత తామే జరిగేలా ఒక చిన్న స్క్రిప్టు వ్రాసి పెట్టాను. వీడీబీ ఖాళీగా ఉంటే విభజించు, ఫార్మాట్ చెయ్యి, 'భాండారం' అనే డైరెక్టరీకి తగిలించు. ఖాళీగా లేకపోతే ఊరకే తగిలించు. అంతే. ఖాళీయా కాదా అని అడుగుతున్నానుకదా, ఇక భయమేమిటి అనుకున్నాను. రాత్రి రెండు గంటలకు ఆర్‌సింక్ ఆ డైరెక్టరీని పక్క గదిలోని మరొక డిస్కులోకి నకలు తీసేది. నకలు అసలుకు అచ్చంగా ప్రతిబింబంలా ఉండాలన్న చాదస్తంతో, అసలులో లేనిది నకలులోనూ తుడిచిపెట్టు అనే ఐచ్ఛికం కూడా జోడించాను.

మార్చి నెలలో స్కాన్ చేసిన పాత పుస్తకాల కోసం ఊహాయంత్రానికి మూడవ డిస్కు చేర్చాను. అది కూడా 40 జీబీలే. అంతకు కొన్నాళ్ళ ముందు అక్కరలేని ఒక పరికరాన్ని తొలగించి ఉన్నందున, ముందువరుసలో ఖాళీ అయిన చోటు ఈ కొత్త డిస్కుకు దక్కింది. ఆ సంగతి నాకు తెలియలేదు. యంత్రాన్ని మళ్ళీ మొదలుపెట్టేవరకు తెలియవలసిన అవసరమూ రాలేదు. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. తిరిగి వచ్చాక యంత్రం లేచింది. లినక్స్ డిస్కులను తనకు ఎదురైన వరుసలో లెక్కపెట్టింది. కొత్త డిస్కు వీడీబీ అయింది. అవ్వ డిస్కు వీడీసీ అయింది. నా స్క్రిప్టు వీడీబీని చూసింది, ఖాళీగా ఉంది, ఫార్మాట్ చేసింది, భాండారానికి తగిలించింది. చెప్పిన పని చెప్పినట్టు చేసింది పాపం. రాత్రి రెండు గంటలకు ఆర్‌సింక్ వచ్చి, అసలు ఖాళీగా ఉంది గనుక నకలును శుభ్రంగా ఊడ్చివేసింది.

మూడవనాడు చూసుకున్నాను. భాండారం ఖాళీ. నకలు ఖాళీ. వరండాలోకి వచ్చి కూర్చున్నాను. ఆ పూట ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

మధ్యాహ్నం మళ్ళీ యంత్రం ముందు కూర్చుని డిస్కుల జాబితా తీశాను. వీడీబీ 40 జీబీ, దానిలో ఒక విభజన. వీడీసీ 40 జీబీ, దానిలోనూ ఒక విభజన. నా మనసులో వీడీబీ అంటే అవ్వ, వీడీసీ అంటే కొత్తది. ఉన్నది పోయింది, కనీసం కొత్త దానినైనా మొదటినుంచి సరిగా సిద్ధం చేద్దామని, వీడీసీ మీది గుర్తులన్నీ తుడిచే ఆజ్ఞ టైపు చేశాను. ఎంటర్ నొక్కలేదు. ఎందుకు నొక్కలేదో ఇప్పటికీ చెప్పలేను. ఎల్‌ఎస్‌బీఎల్‌కే అనే ఆజ్ఞకు ఎఫ్ జోడిస్తే ఫైల్ సిస్టముల పేర్లు కూడా చూపుతుంది. ఒకసారి చూద్దామనిపించింది. వీడీబీకి పేరు లేదు. వీడీసీ పక్కన తెలుగులో 'అవ్వ' అని ఉంది.

ఆ పేరు ఎప్పుడో సరదాకు పెట్టినది. ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టముకు పెట్టే పేరు 16 బైట్లలో ఇమడాలి. యూటీఎఫ్-8లో మన ఒక్కొక్క కోడు మూడేసి బైట్లు తింటుంది. 'అమ్మమ్మ' అని పెడదామంటే, పొల్లులతో కలిపి 21 బైట్లు, పట్టదు. మా చిత్తూరు మాట 'అవ్వ' అయితే 12 బైట్లు, హాయిగా పడుతుంది. యూనికోడ్ మన లిపికి చోటు ఎక్కువ తీసుకుంటుందని ఒకప్పుడు మనమంతా ఎంత సణుగుకున్నామో గుర్తుందా?

నా తప్పు ఎక్కడుందో ఆ రాత్రి నిదానంగా తెలిసింది. "ఖాళీగా ఉన్నావా?" అని డిస్కును అడిగాను. "నీవెవరు?" అని అడగలేదు. వీడీబీ అనేది పేరు కాదు, వరుసలో నిలబడిన చోటు. పంక్తి భోజనంలో మూడవ విస్తరి వంటిది. 2007లో ఫెడోరా 7 వచ్చినప్పుడు హెచ్‌డీఏలన్నీ రాత్రికి రాత్రి ఎస్‌డీఏలైపోయి కొందరి యంత్రాలు లేవడం మానివేశాయి. ఆ పాఠం అప్పుడే నేర్చుకుని ఉండవలసింది. ఫైల్ సిస్టము పుట్టినప్పుడే దానికి యూయూఐడీ అనే 128 బిట్ల సంఖ్య వస్తుంది. డిస్కు ఏ చోటికి మారినా అది మారదు. ఎఫ్‌స్టాబ్‌లో వ్రాయవలసింది దానిని, లేదా 'అవ్వ' వంటి పేరును. ఇంకా ఫార్మాట్ కాని డిస్కుకు యూయూఐడీ ఉండదు కదా అంటారేమో. దానికి ఊహాయంత్రం బయటినుంచే 20 అక్షరాల సీరియల్ ఇవ్వవచ్చు. లోపల డెవ్ డైరెక్టరీలోని 'బై-ఐడీ' క్రింద అది కనబడుతుంది.

ఇప్పుడు నా స్క్రిప్టు లేదు. క్లౌడ్-ఇనిట్ ఆ పనులు చేస్తుంది. అందులో ఓవర్‌రైట్ అనే మాట ఎదుట ఫాల్స్ అని వ్రాస్తే, విభజన గాని ఫైల్ సిస్టము గాని ముందే ఉన్న డిస్కు జోలికి పోదు. ట్రూ అని వ్రాస్తే చూడకుండా పరుస్తుంది. అటువంటి మాట ఒకటి అక్కడ ఉండడమే నాకు భయం. 2020లో వచ్చిన సిస్టమ్‌డీ-రీపార్ట్ ఇంకా పెద్దమనిషి. విభజనలను చేర్చుతుంది, పెంచుతుంది, ఉన్నవాటిని కుదించదు, తొలగించదు. ఎఫ్‌స్టాబ్‌లో నోఫెయిల్ కూడా చేర్చాను. అది లేకపోతే డిస్కు కనబడనప్పుడు యంత్రం ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి, అలిగి అత్యవసర స్థితిలో కూర్చుంటుంది. అయితే నోఫెయిల్‌తో ఇంకొక గండం ఉంది. డిస్కు రాకున్నా యంత్రం ఏమీ ఎరగనట్టు లేస్తుంది, వట్టి కొమ్మను చూసి ఆర్‌సింక్ మళ్ళీ చీపురు పట్టుకుంటుంది. అందుకని భాండారంలో ఒక చిన్న గుర్తు ఫైలు ఉంచాను. అది కనబడితేనే నకలు మొదలవుతుంది. తగిలించని డైరెక్టరీలో ఎవరూ ఏమీ వ్రాయకుండా చాట్టర్‌తో తాళం కూడా వేశాను.

భాండారం అనే పేరు ఎందుకంటే, తిరుమల గుడిలో హుండీ దగ్గరి అరా గుర్తుకు వచ్చి పెట్టుకున్నాను. తాళ్ళపాకవారి రాగిరేకులు దానిలోనే ఉండిపోయాయి. అందరూ కథగా చెప్పేది 1922లో అవి బయటపడ్డాయన్నంతవరకే. కానీ 1816లో అచ్చయిన తన తెలుగు వ్యాకరణంలోనే కాంబెల్ దొర తిరుపతి రేకుల మాట ఎత్తాడు. వ్యాకరణ గ్రంథం దొరుకుతుందేమోనని పరీక్ష చేయించి, ఒక్క వ్యాకరణం తప్ప మిగిలినవన్నీ దేవుడిమీది స్తోత్రాలేనని తేల్చివేశాడు. చూశాడు, పేరు అడగలేదు. ఆ తరువాత నూరేళ్ళకు పైగా ఆ సంపద ఏ కొమ్మకూ తగలకుండా ఉండిపోయింది. 32,000 సంకీర్తనలని సంప్రదాయం. దొరికినవి అందులో సగమైనా కావు. మిగిలిన రేకులను ఏ చేతులు, ఏమని తలచి కరిగించాయో.

ఆ రాత్రి వీడీసీని చదవడానికి మాత్రమే తగిలించి, మొదట చేతికి తగిలిన ఫైలు తెరిచాను. గొబ్బి పాట. మధ్యలో కోడి కూసింది. అవ్వ పాట ఆపి, "దాన్ని తోలు రా అబ్బయా" అంది. వెనుక నా గొంతు, పదిహేనేళ్ళకు పైబడిన గొంతు, కోడిని తోలుతోంది.