నరసాపురపు లేసు, ఫోను చుట్టఱికము

గడచిన మాఘమాసమున అంతర్వేది నరసింహస్వామి కల్యాణమును జూడవలెనని బయలుదేరి, త్రోవలో రెండు దినములు నరసాపురమున ఆగితిమి. స్వామి దర్శనమును గూర్చి వ్రాయుటకు మాకంటె సమర్థులు పెక్కుమంది కలరు. మేము వ్రాయదలచినది ఆ రెండు దినములును ఒక ఇంటి అరుగుపై గూర్చుండి చూచిన వర్తకమును గూర్చి. మాతో మా వదినగారును, ఆమె కొమార్తెయు వచ్చిరి. పిల్ల రైలులో ఎక్కినది మొదలు ఫోనునుండి కన్ను త్రిప్పలేదు. వదినగారు దారిపొడవునను దానిని గసరుచునే యుండిరి.

భీమవరము దాటిన తరువాత రైలు తొందరపడదు. ఇరుప్రక్కల వరిచేలు, కొబ్బరిచెట్లు, వాని నడుమ చేపల చెఱువులు, రొయ్యల చెఱువులు. పాలకొల్లులో క్షీరారామేశ్వరుని గోపురము గడచినదా, ఇక సామానులు సర్దుకొనవలసినదే. నరసాపురముతో ఆ రైలుదారి ముగియును. అటుపైన వసిష్ఠగోదావరి, దాని కావల కోనసీమ.

ఊరిలో వలందర రేవని యొక రేవున్నది. హాలెండు దేశస్థులగు డచ్చివారిని మనవారు వలందులని పిలిచెడివారు. ఆ పేరే రేవునకు నిలిచినదందురు. 17వ శతాబ్దమున ఈ తీరమున ఓడలు గట్టెడివారు, ఐరోపావారు వచ్చి కట్టించుకొనెడివారు. కావున ఈ ఊరికి దూరదేశముల బేరము క్రొత్త గాదు. అయితే ఆ బేరము మగవారిది. ఆడువారి చేతిపని ఓడ యెక్కుట తరువాతి సంగతి. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు ఇచ్చటి స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. కొనయందు చిన్న కొక్కెముగల సన్నని సూది యొకటి, నూలుదారపు ఉండ యొకటి. ఈ పనికి ఇంతకుమించిన పనిముట్టు లేదు. నరసాపురము, పాలకొల్లు, మొగల్తూరు ప్రాంతపు పల్లెలలో వంటపని ముగిసిన పిమ్మట స్త్రీలు గడపలలో గూర్చుండి అల్లిన పూలు, చుక్కలు, అంచులు సముద్రములు దాటి పరదేశపు బల్లలపై పఱచుకొన్నవి.

అల్లినవారికి దక్కిన దెంత యనునది వేఱు ప్రశ్న. దారమిచ్చి నమూనా చూపి పని చేయించుకొనువాడు ఏజెంటు. అతనిపైన ఎగుమతి వర్తకుడు. ఒకతె పూలు అల్లును, దానిని చేతిపని యందురు. వేఱొకతె ఆ పూలను గలిపి గుడ్డగా జేయును, అది అతుకుపని. తన పువ్వు ఏ గుడ్డలో జేరినదో, ఆ గుడ్డ ఎంతకు అమ్ముడుపోయినదో మొదటి యామె కెన్నడును దెలియదు. మరియా మీస్ అను జర్మను పండితురాలు ఈ నరసాపురపు స్త్రీలను గూర్చి 1982లో నొక గ్రంథము ప్రకటించెను. దినమున కన్ని గంటలు శ్రమించుచున్నను వీరిని పనివారుగా లెక్కింపక, తీరికవేళ అల్లుకొను గృహిణులుగా దలచుటవలననే కూలి అంత తక్కువయైనదని ఆమె వాదము. 2024లో ఈ లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. గుర్తింపు మంచిదే, కాని అది సరుకు పుట్టిన ఊరి పేరు చెప్పును గాని అల్లినవారి పేరు చెప్పదు.

మేము దిగిన ఇంటివారి ఎఱుకవలన సమీపగ్రామమున నొక కుటుంబమునకు బోయితిమి. వారి పేర్లు వ్రాయము. ఇంటి అత్తగారు యాబదియేండ్లుగా లేసు అల్లిన మనిషి. కోడలు ఇంటర్మీడియట్ చదివినది. చుట్టుపట్ల పన్నెండిండ్ల స్త్రీలు అల్లిన సరుకును ఈ కోడలు మూడు సంవత్సరములుగా ఫోనుద్వారా నేరుగా కొనువారికి అమ్ముచున్నది.

ఇందు మమ్ము మొదట నాకర్షించినది అత్తగారు చెప్పిన కథ. బెంగుళూరునుండి ఒకామె బల్లగుడ్డ కొనెను. చేరిన నాలుగు దినములకు దానిని తన భోజనపు బల్లపై బఱచి ఫొటో పంపెను. కోడలు ఆ ఫొటోను అత్తగారికి జూపెను.

"యాభై ఏళ్లు అల్లేనమ్మా. నా చేతి గుడ్డ ఎవరింట్లో ఏ బల్లమీదుందో అప్పుడే మొదటిసారి చూడటం," అని ఆ వృద్ధురాలు మాతో ననెను. మేము ఆమె కన్నులు చెమర్చుననుకొంటిమి. ఆమె నవ్వుచు, "అయితే తిరగేసి పరిచిందండీ ఆ తల్లి! బాగున్నవేపు కిందకెట్టి, ముడులున్నవేపు పైకెట్టింది. చెప్పవే ఆవిడకి, అన్నాను కోడలితో," అనెను.

కోడలు జంకుచునే వ్రాసెను. కొన్నామెకు గోపము వచ్చునేమో యని భయము. పది నిమిషములలో సరిచేసిన బల్ల ఫొటో మఱల వచ్చెను, దానితో "అమ్మగారికి నా నమస్కారాలు" అని యొక పంక్తి. ఆ పిమ్మట నామె తన చెల్లెలి సీమంతమునకు, పిదప బారసాలకు సరుకు తెప్పించుకొనెను. ఆమె చెప్పగా మఱి నలుగురు వచ్చిరి. అత్తగారి మోకాలినొప్పి యెట్లున్నదో ఇప్పటికిని అడుగుచుండునట.

మేము ఊహించుకొన్న ఫోను వర్తకము ఇది గాదు. ఫొటో పెట్టిన వెంటనే దేశమంతయు ఎగబడి కొనునని మా యూహ. కోడలు తల యడ్డముగా నూపెను. ఇన్‌స్టాగ్రాములో క్రొత్తవారు కంటబడుదురు. అది తిరునాళ్లవంటిది, వచ్చిపోవువారే ఎక్కువ, ఆగి బేరమాడువారు తక్కువ. వాట్సాపు ఇంటి అరుగువంటిది. కూర్చున్నవారు తక్కువయైనను మఱల వత్తురు. చిల్లరవర్తకులకై 2018లో వచ్చిన వాట్సాపు బిజినెస్ అనుదానిని ఆమె వాడుచున్నది. సరుకుల పట్టికను అందు ఫొటోలతో నుంచవచ్చును. డబ్బు రావలసినవారికి నొక గుర్తు, పార్సెలు పోవలసినవారికి నొక గుర్తు పెట్టుకొనవచ్చును.

అందొక కట్టుబాటు కలదు. దానిని గూర్చి మేము చాలసేపు ముచ్చటించితిమి. ఒకే వర్తమానమును ఒకేసారి 256 మందికి బంపు బ్రాడ్‌కాస్టు జాబితా యని యొకటున్నది. కాని మన నంబరును తమ ఫోనులో పేరుతో దాచుకొన్నవారికే అది చేరును, తక్కినవారికి జేరదు. మన దగ్గఱ వేయి నంబర్లున్నను ఫలము లేదు. వారు మనలను దాచుకొనవలెను. అందుచే కోడలు ప్రతి పార్సెలులోను చిన్న చీటీ నుంచును. అల్లినవారి పేరు, అతికినవారి పేరు, ఉదుకుటెట్లో, గంజి యెంత పెట్టవలెనో తెలుగునను ఇంగ్లీషునను వ్రాసి, అడుగున "మా నంబరు మీ ఫోనులో దాచుకోండి" యని కోరును. చీటీ చేర్చక పూర్వము ఒకసారి కొన్నవారు మఱల వచ్చుట అరుదట.

ఫొటో తీయు నేర్పును గూడ చెప్పవలెను. తెల్లని లేసును తెల్లని గోడముందు పెట్టిన ఏమియు గనబడదు. వీరు అత్తగారి పాత వంకాయరంగు చీర నొకటి ఇందులకే ఉంచినారు. ఉదయము తొమ్మిది గంటల యెండ కిటికీనుండి ప్రక్కగా పడునపుడు ఆ చీరపై లేసును బఱచి, కొలత తెలియుటకు ప్రక్కన రూపాయిబిళ్ల నుంచి తీయుదురు. మా వదినగారి పిల్ల అప్పటివఱకు మూల గూర్చున్నది లేచి వచ్చి, ఫోను నెట్లు పట్టుకొనిన నీడ పడదో చూపెను. వదినగారు చూచిరి గాని ఏమియు ననలేదు.

అంతయు సుఖముగా సాగినదని మాత్రము చదువరులు తలపవలదు. మొదటి సంవత్సరముననే ముక్కు మొగము తెలియనివా రొకరు నలువది కుషను గలీబులు కావలెనని వ్రాసిరి. ముందు సొమ్మడుగుటకు మొగమాటమై వీరు అడుగలేదు. పన్నెండిండ్లవారు నెలదినములు అల్లిరి. సరుకు సిద్ధమైనదని వ్రాయగా జవాబు లేదు, పిలిచిన ఎత్తరు. ఆ గలీబులు ఏడెనిమిది నెలలు బీరువాలో నుండెను. ఎవరి దారపు సొమ్ము వారు పోగొట్టుకొనిరి. కోడలు పది దినములు వీథిలోనికి రాలేకపోయెను. ఆనాటినుండి సగము సొమ్ము ముందు రానిదే సూది పట్టరు. మఱియొకరు "మీకు డబ్బు పంపితిమి, పిన్ను నొక్కి తీసుకొనుడు" అని వ్రాసిరట. సోదరీమణులెల్లరు నెఱుగవలసిన సంగతి: యూపీఐలో మనకు వచ్చు సొమ్మునకు పిన్నుతో పని లేదు. పిన్ను నొక్కుట సొమ్ము పంపుటకే. కోడలికి ఆ సంగతి తెలిసియుండుటచే బయటపడెను.

కోడలు తన గిరాకీదార్ల పేర్లు, చిరునామాలు, వారి ఇండ్లలోని శుభకార్యముల తేదీలు ఒక నోటుబుక్కులో సిరాతో వ్రాసియుంచినది. ఫోనుండగా ఇదేల యని యడిగితిమి. పొరుగూరి స్నేహితురా లొకతె టిక్‌టాక్‌లో తన కుట్టుపని చూపి వేలకొలది చూపరులను సంపాదించుకొన్నదట. 2020 జూను 29వ తేదీన ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆమె చూపరులెవరో, ఎక్కడివారో ఆమెకు దెలియదు. వెదకికొనుటకు నొక్క చిరునామాయైన లేకపోయెను.

రెండవనాటి సాయంకాలము అరుగుపై పదిమంది స్త్రీలు చేరిరి. చేతులు అల్లుచునే యున్నవి, మాటలు సాగుచునే యున్నవి. అతుకుపనిలో పేరుగన్న యొకామె మాతో జెప్పునట్లుగా కోడలికి వినబడునట్లు ననెను: "పూర్వం ఏజెంటుగారు మాకు తెలియకుండా అమ్మేవారు. ఇప్పుడు అమ్మాయి మాకు తెలిసేలా అమ్ముతోంది. తేడా అంతేనండి. ఫోనెవరిదో బేరం వారిదే గదా."

అరుగుమీద మాటలు నిలిచిపోయినవి. కోడలు మొగము వాడెను. ఆమె లోనికి బోయి ఫోను దెచ్చి పన్నెండుగురి గ్రూపును మాకు జూపెను. కొన్నవారు సొమ్ము పంపిన రసీదు, దారపు వెల, పార్సెలు ఖర్చు, తన శ్రమకు దీసుకొన్న భాగము, ప్రతి బేరమునకు నందులో వ్రాసియున్నవి. దాచినది లేదు. అయినను ఆ యామె మాట తప్పని మేము చెప్పలేకపోయితిమి. కొనువారందఱు దాచుకొన్నది కోడలి నంబరును. అది యామె భర్త పేరిట తీసికొన్న సిమ్ము. రేపు వారు ఉద్యోగమునకై హైదరాబాదు వెళ్లినచో పన్నెండిండ్ల బేరమును రైలెక్కును. ఇది ఎవరి దోషమును గాదు, కాని ప్రశ్న యున్నది.

మేము ఊరకుండలేక అడిగితిమి. అత్తగారు సూది ఆపి కోడలివైపు చూచెను. కొంతసేపటికి కోడలు, "ఆ సంగతి నాకూ రాత్రిళ్లు తడుతూనే ఉంటదండి," అనెను. వాట్సాపును ఒకే నంబరుపై మఱి నాలుగు యంత్రముల వఱకు గలుపవచ్చును. ఆ సౌకర్యముతో అతుకుపని యామె కొమార్తె ఫోనునకు దీనిని గలుపుదమని, క్రొత్త సిమ్ము సంఘము పేరిట దీసికొని మెల్లగా అందఱికి ఆ నంబరు దెలుపుదమని ఆ సాయంకాలమే మాటలు నడచినవి. "పాత నంబరు దాచుకున్నవాళ్లు కొత్తది దాచుకుంటారో లేదో," అని కోడలు గొణిగెను. అతుకుపని యామె మాత్రము మెత్తబడి, "ఆయ్, ఒక్కొక్కరికీ మనమే ఫోను చేసి చెబుదాం లేమ్మా, నేనూ మాట్లాడతాను," అని కుర్చీ దగ్గఱకు జరుపుకొనెను. ఆ మాట నిలిచినదో లేదో మే మచట నుండి చూడలేదు.

మఱునాడు పంటుపై గోదావరి దాటితిమి. ఆవలి యొడ్డున సఖినేటిపల్లి. అటనుండి అంతర్వేదికి బండి దారి. మోటారుసైకిళ్లు, మనుష్యులు, అరటిగెలలు కిక్కిరిసిన ఆ పంటుపై వదినగారు కొమార్తెను దగ్గఱకు బిలిచి, "ఆ అమ్మాయి నంబరు నా ఫోనులో ఎక్కించవే," అనిరి. ఏమని వ్రాయవలెనని పిల్ల యడిగెను. వదినగారు క్షణ మాలోచించి, "లేసు అమ్మాయి అని కాదే, పేరే రాయి," అనిరి.

మేమొక బల్లగుడ్డకు సగము సొమ్మిచ్చి వచ్చితిమి. ఇల్లు చేరిన మూడు వారములకు ఫొటో వచ్చినది: వంకాయరంగు చీరపై మూడు మూలలు పూర్తియైన గుడ్డ, ప్రక్కన రూపాయిబిళ్ల. నాలుగవ మూల అత్తగారి చేతిలో నున్నది.