గోడాదరాలో పరిగెత్తే కుక్కకు చోటెక్కడ?

సూరత్ రైల్వే స్టేషన్ బయట ఆటో ఎక్కి గోడాదరా అని చెబితే డ్రైవర్ వెంటనే రెండో ప్రశ్న వేస్తాడు: ఏ సొసైటీ? మన దగ్గర కాలనీ అనేదే ఇక్కడ సొసైటీ. సహారా దర్వాజా దాటి, వస్త్ర మార్కెట్ల ముందు బట్టల మూటలు మోసే బండ్ల మధ్య దారి చేసుకుని, పర్వత్ పాటియా మీదుగా నగరం ఆగ్నేయపు అంచుకు చేరేసరికి ఎటు చూసినా సొసైటీలే. పన్నెండు, పదిహేను అడుగుల వెడల్పులో ఒక ఇల్లు, దాని గోడకు ఆనుకుని మరో ఇల్లు, ఆ గోడకు ఇంకొకటి. వీటికి రో హౌస్ అని పేరు. గేటు లోపల రెండు మోటార్ సైకిళ్లు పట్టే జాగా, ఓ మూల తులసి కుండీ. కింద ఇంటివాళ్లు, పైన అద్దెవాళ్లు. 2006లో సూరత్ నగరపాలక సంస్థ పరిధి 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326కు పెరిగినప్పుడు నగరం చుట్టూ ఉన్న ఊళ్లెన్నో అందులో కలిసిపోయాయి. చేలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు ఇళ్లయ్యాయి. పిల్లలు క్రికెట్ ఆడే ఖాళీ జాగా కనిపిస్తే అది ఇంకా అమ్ముడుపోలేదని అర్థం.

ఇక్కడ తెలుగువాళ్లను వెతకనక్కర్లేదు. లింబాయత్ నుంచి గోడాదరా దాకా వీధుల్లో మరాఠీ, భోజ్‌పురి, ఒడియా, మార్వాడీ మాటల మధ్య కరీంనగర్ యాస ఠక్కున చెవిన పడుతుంది. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు పద్మశాలీలు మరమగ్గాల వెంట ఇక్కడికి వచ్చారు. తర్వాతి తరంలో చాలామంది ఎంబ్రాయిడరీ యంత్రాలకు, చీరల దుకాణాలకు, లెక్కలు రాసే ఉద్యోగాలకు మళ్లారు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు; గుజరాతీలో యంత్రం సంచో. కనీసం ఆ ఒక్క మాట కొత్తగా నేర్చుకోవాల్సిన పని పడలేదన్నమాట. నగరపాలక ప్రాథమిక పాఠశాలలు ఏడు భాషల్లో నడిచే ఊరు ఇది, వాటిలో తెలుగు ఒకటి. దసరా రోజుల్లో గర్బా మైకుల పక్కనే బతుకమ్మ పాటలు సాగుతాయి. వరుసకు చెల్లెలయ్యే ఆమె ఇంటికి నేను వెళ్లింది ఆ రోజుల్లోనే. పండగ చూద్దామని వెళ్లి కుక్క గొడవలో పడ్డాను.

దాని పేరు బంటీ. వయసు పది నెలలు. నల్లటి ఒళ్లు, ఛాతీ మీద అరచేయంత తెల్లమచ్చ. లాబ్రడార్ అని చెప్పి అమ్మారట. నిటారుగా నిలబడ్డ ఒక చెవినీ కొడవలిలా తిరిగిన తోకనూ చూస్తే వంశంలో వీధి వాటా కూడా గట్టిదేనని తెలిసిపోతుంది. కరిచే రకం కాదు. దాని నేరమల్లా పరుగే. తెల్లవారగానే గేటు దగ్గర మొదలై, మూడు గదుల్లోంచి వంటింటి దాకా, అక్కడి నుంచి మెట్లెక్కి అద్దెవాళ్ల గుమ్మం దాకా, మళ్లీ గేటుకు. ఒక పరుపు, రెండు జతల చెప్పులు, పనికి తెచ్చిన ఓ చీర అంచు దాని పళ్లకు బలయ్యాయి. చీర డబ్బు కూలిలోంచి కోసుకున్నారు.

ఆ ఇంట్లో ప్రేమకు కొరత లేదు. కొరతంతా వేళలతోనే. బావ సాంచల మీద పన్నెండు గంటల పాళీ చేస్తాడు. కొన్నాళ్లు పగలు, కొన్నాళ్లు రాత్రి. చెల్లెలు ఇంట్లోనే చీరలకు రాళ్లు అంటించే పని చేస్తుంది. పిల్లలిద్దరికీ బడి, బడి నుంచి ట్యూషన్. మిగిలింది మోకాళ్ల నొప్పుల నాయనమ్మ. రాత్రంతా మగ్గాల చప్పుడులో నిలబడి వచ్చిన మనిషి పగలు నిద్రపోవాలి, కుక్కకు ఆట గుర్తొచ్చేది సరిగ్గా అప్పుడే. గొలుసు వేశారు. గొలుసు వేస్తే అరుపు పెరిగింది. పక్కింటాయనదీ రాత్రి పాళీయే కావడంతో విషయం సొసైటీ ప్రముఖ్ దాకా వెళ్లింది. అపార్ట్‌మెంట్లు, సొసైటీలు పెంపుడు జంతువులను నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ గోడకు గోడ ఆనిన చోట, కళ్లు ఎర్రబడి గుమ్మంలో నిలబడ్డ మనిషికి మార్గదర్శకాలు ఎవరు చదివి వినిపిస్తారు?

ఇక్కడ కుక్క గురించి ఒక మాట చెప్పాలి. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా కుక్కకు కుర్రతనం. ఒళ్లు పెద్ద కుక్కది, బుద్ధి పిల్లది. బొచ్చుబంతిలా ఉన్నప్పుడు ముద్దుగా తెచ్చుకున్నవాళ్లు చేతులెత్తేసేది ఎక్కువగా ఈ వయసులోనే. దానికి తిండి ఎంత అవసరమో పరుగూ అంతే. అది దొరకనప్పుడు నమలడం, తవ్వడం, అరవడం మొదలవుతాయి. పొగరు అనుకుని కొడతారు. అలాంటి కుక్కలు చాలావరకు ఉదయం గంట, సాయంత్రం గంట నడిపిస్తే, వాసన చూసుకుంటూ పోనిస్తే కుదుటపడతాయి. చెల్లెలు పదిహేను రోజులు ప్రయత్నించింది కూడా. తెల్లవారుజామున దాన్ని తీసుకెళ్తే టిఫిన్ డబ్బా ఆలస్యం, డబ్బా ఆలస్యమైతే పాళీ ఆలస్యం. పదహారో రోజు మానేసింది.

“ఊరికి పంపుదాం బిడ్డా, ఆడ చేన్లున్నయ్, ఉరుకుతది” అంది నాయనమ్మ. సూరత్ తెలుగువాళ్లకు ఊరంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్. అహ్మదాబాద్‌లో బయల్దేరి సూరత్ మీదుగా వరంగల్, విజయవాడ, చెన్నై వెళ్లే రైలు. అందులో మనుషులు వెళ్లినంత తేలికగా కుక్క వెళ్లదు. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం తీసుకుంటేనే మన పక్కన ఉండనిస్తారు. లేదంటే గార్డు ఉండే బోగీలోని కుక్కల పెట్టెలో పోవాలి. పశువైద్యుడి ధ్రువపత్రం ఎలాగూ కావాలి. కూపే డబ్బు సాంచల కూలికి అందేది కాదు. పెట్టెలోనేమో రైలంటే తెలియని కుక్క గంటల తరబడి చీకట్లో, చప్పుళ్లలో ఉండాలి. పైగా ఊళ్లో ఎవరున్నారు? చేను కౌలుకు పోయింది. ఇంటికి తాళం. ఊరు అనే మాటలో ఇంకా చోటుంది గానీ ఆ ఇంట్లో మనిషి లేడు.

వీధిలో వదిలేయమన్నవాళ్లూ ఉన్నారు, తిండి దొరికే చోటే కదా అన్నారు. పోషించేవాడు జంతువును ఆకలిదప్పుల పాలయ్యేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. అయితే మొదటిసారి దొరికితే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఆ యాభైకి ఇవాళ సూరత్‌లో కడుపునిండా లోచో కూడా రాదేమో! చట్టం కన్నా గట్టి అడ్డంకి వీధే. అక్కడ ప్రతి మలుపూ ఏదో ఒక గుంపుది. ఇంట్లో పెరిగిన పది నెలల కుక్క తోక ఊపుకుంటూ ఎదురెళ్తే ఆ గుంపు ఊరుకోదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు వీధికుక్కలపై ఇచ్చిన ఆదేశాలతో ఊరూరా ఈ విషయం మీద గొంతులు పెరిగాయి. టీకా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసిన కుక్కలను పట్టుకున్న చోటే వదలాలని కోర్టు ఆ నెల 22న చెప్పింది, పిచ్చి పట్టినవీ దూకుడుగా ఉండేవీ తప్ప. వీధికుక్కను దత్తత తీసుకున్నవారు అది మళ్లీ వీధికి రాకుండా చూసుకోవాలనీ అంది. వీధి నుంచి ఇంటికి రమ్మంటున్న కాలంలో ఇంటి నుంచి వీధికి నెట్టడం ఏం న్యాయం?

జంతువులకు ఆశ్రయం అనగానే సూరత్‌కు ఓ చరిత్ర ఉంది. 1689లో ఓడలో బయల్దేరి ఇక్కడికి వచ్చిన ఇంగ్లిష్ మతాచార్యుడు జాన్ ఓవింగ్టన్, ఊరికి మైలు దూరంలో వర్తకులు నడిపే జంతువుల ఆసుపత్రి గురించి రాశాడు. ముసలివైన, కుంటివైన, జబ్బుపడ్డ ఆవులు, గుర్రాలు, మేకలతో పాటు కుక్కలనూ అందులో పోషించేవారట. దాని దగ్గర్లోనే నల్లులకు, గోమార్లకు మరో ఆసుపత్రి! వాటి ఆకలి తీర్చడానికి అప్పుడప్పుడు ఓ పేదవాణ్ని రాత్రికి కూలికి మాట్లాడుకుని అక్కడ పడుకోబెట్టేవారని ఆయన రాత. అది చదివి యూరప్ నవ్వుకుంది. నాకైతే ఆ కూలివాడి మీదే మనసు పోయింది. జీవకారుణ్యం ఖర్చు ఎవరి ఒంటి మీద పడుతుందన్నది ఈ ఊళ్లో పాత ప్రశ్నే. ఆ సంప్రదాయపు వారసులైన పాంజ్రాపోల్‌లు గుజరాత్‌లో ఇప్పటికీ ఉన్నాయి, సూరత్‌లోనూ ఉంది. ప్రధానంగా అవి పశువుల కోసం. ముసలిదానికి, జబ్బుదానికి నీడ ఇవ్వడం వేరు. ఒంట్లో సత్తువ ఎక్కువై ఇల్లు పోగొట్టుకున్న కుక్కకు కావాల్సింది ఆసుపత్రి కాదు.

దాంతో చెల్లెలి కుటుంబం ఇల్లు వెతకడం మొదలుపెట్టింది, తెలుగువాళ్లతోనే. గది కావాలన్నా, పని కావాలన్నా, చీటీ కట్టాలన్నా ఇక్కడ తెలుగు నోళ్ల మీదుగా కబురు వెళ్తుంది, సాయంత్రానికి జవాబు వస్తుంది. కుక్క సంగతి మాత్రం వారమైనా తేలలేదు. కారణం తేలికే. కబురు అందుకున్న ప్రతి ఇంటిదీ ఇదే బతుకు: అవే పన్నెండు గంటలు, అదే పదిహేను అడుగులు. “గీ కుక్కకు మా ఇంట్ల ఉరుకనీకి యాడున్నది వదినె” అని ఓ ఆమె నవ్వుతూనే అంది. అంతకన్నా నిజాయితీ గల జవాబు మాకు దొరకలేదు.

అడిగిన వాళ్లు లేకపోలేదు. ఒకాయనకు గోడౌన్ కాపలాకు కావాలి, పగలంతా గొలుసు. ఒకాయన బంటీని చూడకుండానే, లాబ్రడారేనా, పిల్లలు వేయించవచ్చా అన్నాడు. ఇంకొకరికి కూతురి పుట్టినరోజుకు ‘సర్‌ప్రైజ్’ ఇవ్వాలి. ముగ్గురూ డబ్బులిస్తామన్నారు, ముగ్గురికీ వద్దన్నారు. చీర డబ్బు పోగొట్టుకున్న ఇంట్లో అది చిన్న సంగతి కాదు. పగలు ఇంట్లో ఎవరుంటారు, ఎక్కడ పడుకుంటుంది, ఇంతకుముందు పెంచిన కుక్క ఏమైంది? ఈ మూడు ప్రశ్నలు అడగాలని నిర్ణయించుకున్నాం. మూడోది అడిగితే చాలామంది తడబడ్డారు.

జవాబు దొరికింది తెలుగు నోళ్ల అవతల. డిండోలీ వైపు, వరుసలో చివరి ఇల్లు, పక్కన ఇంకా అమ్ముడుపోని రెండు ప్లాట్లు. ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీ కుటుంబం. తండ్రి కూరగాయల హోల్‌సేల్ మార్కెట్‌కు తెల్లవారుజామున మూడింటికి వెళ్లి పదకొండింటికల్లా ఇల్లు చేరతాడు. కొడుకులిద్దరిలో పెద్దవాడు పోలీసు ఉద్యోగం కోసం రోజూ ఐదింటికి లేచి ఐదు కిలోమీటర్లు పరిగెడతాడు. అన్నతో పోటీగా పదహారేళ్ల తమ్ముడు. సూరత్ అంచుల్లో తెల్లవారుజామున ఇలాంటి కుర్రాళ్లు గుంపులుగా కనిపిస్తారు. అలాంటి వాళ్లుండగా మేం దయగల వాళ్లను వెతుకుతూ కూర్చున్నాం.

బంటీని మొదటిసారి వాళ్ల వెంట పంపినప్పుడు నేనూ వెళ్లాను, మోటార్ సైకిల్ మీద. మొదటి కిలోమీటరు అది వాళ్లను ఈడ్చింది. రెండోది పక్కన పరిగెత్తింది. మూడోదానికి నాలుక వేలాడేసి వాళ్ల వేగంలోకి వచ్చింది. (ఎముకలు పూర్తిగా గట్టిపడని వయసు కాబట్టి గట్టి రోడ్డు మీద రోజూ ఐదు కిలోమీటర్లు వద్దని, మట్టి మీద కొద్దికొద్దిగా పెంచమని పశువైద్యుడు తర్వాత చెప్పాడు.) తిరిగొచ్చి నీళ్లు తాగి, చెల్లెలి ఇంటి గడపకు అడ్డంగా పడి మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. ఆ రోజు బావా నిద్రపోయాడు, పక్కింటాయనా నిద్రపోయాడు.

నాయనమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఆమె అడిగింది ఒక్కటే: పిల్లగానికి పోలీసు నౌకరి వస్తే దీన్ని ఎవరు ఉరికిస్తరు? ఆ ప్రశ్న నేను హిందీలో చెప్పాను. కుర్రాళ్ల తల్లి తడుముకోలేదు. చిన్నవాడికి ఇంకా రెండేళ్ల టైముంది, అప్పటికి కుక్కకూ కాస్త బుద్ధి వస్తుంది, ఆ తర్వాత తాను ఉన్నానంది. ఇంతకుముందు పెంచిన కుక్క గురించి కూడా చెప్పింది. పదకొండేళ్లు బతికిందట, ఫోటో చూపించింది. నాయనమ్మ ఆ ఫోటోను చాలాసేపు చూసి ఇచ్చేసింది.

ఇచ్చేటప్పుడు పదిహేను రోజుల గడువు పెట్టుకున్నారు. ఎవరికి కుదరకపోయినా బంటీ వెనక్కి చెల్లెలి ఇంటికే రావాలి తప్ప మూడో చేతికి పోకూడదు. దాంతో పాటు రేబిస్ టీకా కార్డు ఇచ్చారు, ఏటా వేయించాల్సిన తేదీ గుర్తుపెట్టి. ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ దక్షిణ గుజరాత్‌లో వానాకాలపు జబ్బు, కుక్కలకూ వస్తుంది. 2025 జూన్‌లో లాగా ఖాడీలు పొంగి వీధుల్లోకి నీళ్లొచ్చే ఊళ్లో ఆ టీకా కూడా ముఖ్యం. ఆపరేషన్ ఖర్చు చెరిసగం అనుకున్నారు. పాత దుప్పటి ఉతక్కుండానే ఇచ్చారు, ఇంటి వాసన ఉండాలని.

చెల్లెలి కూతురు నోటు పుస్తకంలోంచి ఓ కాగితం చించి బంటీకి తెలిసిన మాటలు హిందీ అక్షరాల్లో రాసి ఇచ్చింది. కూసో అంటే కూర్చుంటుంది. దా అంటే వస్తుంది. ఆగు అంటే ఆగదు. మరాఠీలో కూర్చో అనడానికి బస్ అంటారు. తమ్ముడు ‘బస్, బస్’ అంటే మొదటి రోజు నిలబడి తోక ఊపిందట. కాగితం చూసి కూసో అనగానే కూర్చుందట. నేను రైలెక్కే రోజుకు గడువులో ఇంకా నాలుగు రోజులుంది. పెద్దవాడు ఫోన్‌లో అడిగింది కుక్క గురించి కాదు, ‘ఆగు’కు ఇంకేమైనా మాట ఉందా అని.